బాబీ అడిగిన మంచు

దగ్గరికి జరిగి కూర్చోండమ్మా. గడప అవతల నిలబడితే సగం మాటలు గాలికి పోతాయి. కువైట్‌లో ఇంటిపనికి పోతున్నామని నాకు చెప్పిపోవడానికి వచ్చే ఆడపిల్లలు అడిగేవి రెండే. జీతం సరిగ్గా ఇస్తారా, ఫోను మాట్లాడనిస్తారా అని. అవి ఇంటిని బట్టి ఉంటాయి. నేను చెప్పగలిగింది పని గురించి. మోకాళ్ళు అరిగేదాకా ఆ దేశంలో పనిచేసి వచ్చినదాన్ని. నాకు గుర్తున్నది గుర్తున్నట్టు మీ ముందు పెడుతున్నాను. తినే పళ్ళెం పక్కన పెట్టి అయినా సరే, నిదానంగా వినండి.

పనంటే ఏమిటి

ఊడ్చడం, తుడవడం, గిన్నెలు తోమడం, ఇస్త్రీ చేయడం ఎవరికైనా నాలుగు వారాల్లో వస్తాయి. వాటికి ఈ రెడ్డెమ్మ చెప్పాల్సిన పని లేదు. అసలు పని వేరే ఉంది. మన మాట కాని మాట మాట్లాడే మనిషికి ఏం కావాలో, ఎప్పుడు కావాలో కనిపెట్టడం. కనిపెట్టి, కనిపెట్టినట్టు కనపడకుండా ఉండడం. ఇది రాకపోతే ఆ ఇంట్లో ఎన్నేళ్ళున్నా మీరు బయటి మనిషే.

నాకు పని నేర్పింది నా మొదటి మామా. యజమానురాలిని అక్కడ అందరూ మామా అనే పిలుస్తారు. ఆమె పెద్దావిడ, నోరు పెద్దది, చెయ్యి మాత్రం ఎప్పుడూ ఎత్తలేదు. వాళ్ళ వంటింట్లో పెట్టెలాంటి డీప్ ఫ్రీజరు ఉండేది. ఇప్పటివాటిలో పట్టదు గానీ అప్పటి ఫ్రీజర్లలో గోడలకు బెత్తెడు మందాన తెల్లటి మంచు పేరుకునేది. దాన్ని గీకి తీసేయడం పనిమనిషి పని. పనంటే చురుగ్గా చేయాలనుకుని నేను కూరగాయల కత్తి తీసుకుని ఆ మంచును పొడిచాను. లోపల గొట్టానికి చిల్లు పడి బుస్సుమంది. ఫ్రీజరు చచ్చిపోయింది. ఆ రోజే నన్ను తిప్పి పంపేస్తారని గోడకు ఆనుకుని ఏడుస్తుంటే మామా వచ్చి చూసింది.

"ఖలాస్, పోయింది. ఫ్రీజరు ఇంకొకటి వస్తుంది. నీ తొందర పోకపోతే మాత్రం నువ్వు ఏ ఇంట్లోనూ నిలబడవు" అంది.

కొత్తది వచ్చి మంచు పట్టాక నా చేతిలో ఒక చెక్క గరిటె పెట్టింది. కరెంటు తీసేసి కాసేపు ఆగి, మంచు వదులైనాక చెక్కతో నెమ్మదిగా గీకమంది. ఆమె చెప్పినట్టు గీకితే మంచు పొడిపొడిగా, మల్లెపూలు రాల్చినట్టు రాలేది. గట్టిగా ఉన్నదాన్ని పొడవకూడదు, వదులయ్యేదాకా ఆగాలి. మనుషుల దగ్గర కూడా నాకు ఎక్కువగా పనికొచ్చింది ఆ మాటే.

శుక్రవారం ఆడవాళ్ళు

ఆ తర్వాత అబూ హలీఫాలో సముద్రం ఒడ్డున ఒక మేడలో కుదిరాను. యజమానిని బాబా అనేవాళ్ళం. కువైట్ మనిషే. చమురు కంపెనీలో పెద్ద ఉద్యోగి. కుర్రతనంలో చెకోస్లోవాకియాలో చదువుకుని అక్కడి అమ్మాయిని పెళ్ళి చేసుకుని తెచ్చుకున్నాడు. ఆమే ఆ ఇంట్లో నా మామా. మేడంతా వాళ్ళదే. పై అంతస్తులో వాళ్ళుండి, కింద ఇళ్ళు విదేశాలవాళ్ళకు అద్దెకిచ్చేవాళ్ళు. మెట్లూ వరండాలూ శుభ్రం చేసేందుకు కోనసీమ నుంచి వచ్చిన సత్యవతి ఉండేది. ఆమె నన్ను వదినా అనేది. నేను సత్తెమ్మా అనేదాన్ని.

మామా వాళ్ళమ్మ కూడా మాతోనే ఉండేది. భర్త పోయాక కూతురు తెచ్చి పెట్టుకుంది. పిల్లలు ఆమెను బాబీ అని పిలిచేవాళ్ళు. వాళ్ళ మాటలో అమ్మమ్మ అని. నేనూ అలాగే పిలిచేదాన్ని. తెల్లటి మనిషి, తలకు పూల గుడ్డ, బుగ్గల మీద ఎర్రటి సన్న నరాలు. అరబ్బీ నాలుగు మాటలు కూడా రావు. కిటికీ దగ్గర కుర్చీ వేయించుకుని సముద్రం చూస్తూ కూర్చునేది. చూస్తున్నది సముద్రాన్ని కాదని నాకు చాలా రోజులకు గానీ తెలియలేదు.

శుక్రవారం సాయంత్రం మామా స్నేహితురాళ్ళు వచ్చేవాళ్ళు. రెండో అంతస్తులో అద్దెకున్న మీలా అనే ఆమెది యుగోస్లావియా. ఇంకొకామె పోలండు నర్సు. మరొకామె బల్గేరియా నుంచి. టీ తాగుతూ ఎప్పుడో ఒకప్పుడు మంచు గురించి మొదలుపెట్టేవాళ్ళు. బయట ఎండకు రోడ్డు మీద తారు కరుగుతుంటే లోపల మంచు ముచ్చట్లు. మామా దాన్ని స్నీహ్ అనేది. మీలా ఏమో కాదు, స్నెగ్ అనేది. పోలండామె ష్న్యెగ్ అని నాలుక మడిచేది. బల్గేరియా ఆమె స్న్యాగ్ అనేది. నీది వంకర అంటే నీది వంకర అని ఒకరినొకరు ఆటపట్టించుకుని పడీ పడీ నవ్వేవాళ్ళు. మొదట్లో నాకవి నాలుగు వేరే వస్తువులేమో అనిపించింది. తర్వాత తెలిసింది. నలుగురూ ఒకే తెలుపును తలుచుకుంటున్నారు.

ఒకసారి మీలా నన్ను అరబ్బీలో అడిగింది. "రెడ్డెమ్మా, మీ ఊళ్ళో దాన్నేమంటారు?"

"మంచు" అన్నాను.

"మీ ఊళ్ళో పడుతుందా?"

"ఎందుకు పడదు? తెల్లారేసరికి చేల మీద పడి ఉంటుంది. ఎండ రాగానే పోతుంది."

అందరూ నవ్వారు. అది మంచు కాదు, నీటిబొట్లు అన్నారు. తలుపు దగ్గర చీపురు పట్టుకుని నిలబడ్డ సత్యవతికి రోషం వచ్చింది. నాతో తెలుగులో అంది.

"ఏంటి వదినా, ఈళ్ళకేనా మంచుండేది? మా గోదారి మీద మంచు పడితే రేవులో ఎదరున్న మనిషి కనపడ్డు. చెప్పండి ఈళ్ళకి."

నిజమే కదా. చేను మీద తడినీ మంచే అంటాం, గోదావరి మీద పొగనీ మంచే అంటాం, ఫ్రీజరులో పేరుకున్నదాన్నీ మంచే అంటాం. వాళ్ళు ఒకే వస్తువుకు నాలుగు మాటలు పెట్టుకున్నారు, మనం ఒకే మాటతో అన్నీ సరిపెట్టుకున్నాం. ఆ రోజు నేనూ నవ్వి ఊరుకున్నాను.

సైన్యం వచ్చినప్పుడు

ఆ వేసవిలో బాబీ స్నానాలగదిలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. విమానం ఎక్కే స్థితి లేదు. వాళ్ళ ఊళ్ళో బాబీ ఇల్లు అమ్మే పని ఉండి మామా పిల్లలను తీసుకుని పోయింది. పోయేటప్పుడు నా రెండు చేతులూ పట్టుకుంది.

"తొందరగా వచ్చేస్తాను. అమ్మ నీళ్ళు సరిగ్గా తాగదు. అదొక్కటే చూసుకో" అంది.

ఆమె రాకముందే ఇరాక్ సైన్యం వచ్చింది. పొద్దున్నే సముద్రం రోడ్డు మీద ట్యాంకులు. తుపాకుల శబ్దానికి కిటికీ అద్దాలు గలగలమన్నాయి. ఫోన్లు పోయాయి. మామా రాలేదు, రావడానికి దారీ లేదు. బాబాను వెతుకుతున్నారని వినపడడంతో ఆయన ఒకచోట నిలవలేక బంధువుల ఇళ్ళలో తలదాచుకుంటూ, వీలు చిక్కినప్పుడు వచ్చి రొట్టెలు, మందులు పడేసి పోయేవాడు. ఆస్పత్రి గురించి అడిగితే తల అడ్డంగా తిప్పేవాడు. ఇంట్లో మిగిలింది నేను, బాబీ.

ఆ శబ్దాలు మొదలైన రోజు నుంచి బాబీ నోరు మూసేసింది. గ్లాసు తెస్తే పళ్ళు బిగించేది. చెంచా తెస్తే మొహం తిప్పేసేది. పెదవులు పగిలి పొరలు లేచాయి. చేతి మీద చర్మం పట్టుకుని లాగితే లాగినట్టే నిలబడిపోయేది. ఎప్పుడో ఒకసారి కళ్ళు తెరిచి ఒకటే మాట అనేది, స్నీహ్ అని. మిగతా మాటలన్నీ మరిచిపోయిందేమో తెలియదు. ఆ మాట మాత్రం మిగిలింది.

మంచు కావాలంటోంది కదా అని ఐసు ముక్క నోట్లో పెట్టాను. రాయి పెట్టినట్టు తుపుక్కున ఉమ్మేసింది.

సత్యవతి వచ్చి చూసి వెనక్కి పోయి, చిన్న డబ్బా తెచ్చింది. ఊరి నుంచి తెచ్చుకున్న ఎండు తులసాకులు అందులో దాచుకునేది. గ్లాసులో నీళ్ళు పోసి ఆకు వేసింది.

"వదినా, ఇంక లాభం లేదండీ. గొంతులో రెండు చుక్కలు పోసేద్దాం. ఏ దేశపు మనిషైతే ఏంటి, దాహంతో పంపకూడదు."

నాకు ఒళ్ళంతా మండింది. మా అమ్మ పోయినప్పుడు నేను కువైట్‌లోనే ఉన్నాను. ఆమె నోట్లో నీళ్ళు పోసింది పక్కింటివాళ్ళు. నీళ్ళు గొంతులోకి ఒంచితే మనం ఆ మనిషిని సాగనంపినట్టే. ఆ గ్లాసు పట్టుకున్న సత్యవతి చెయ్యి గట్టిగా పట్టేసుకున్నాను.

"పొయ్యాకు సత్తెమ్మా. పోస్తే పోయే మనిషని మనమే ఒప్పుకున్నట్ల. ఈమె పోయే మనిషి కాదు. నోరు ఆమే తెరవాల."

"తెరవకపోతే?"

"తెరిసేదాకా ఉంటాం."

ధైర్యంగా అన్నాను గానీ నాకు దారి తెలియదు. వంటింట్లోకి వచ్చి ఏం చేయాలో తోచక రొట్టె తీద్దామని ఫ్రీజరు మూత ఎత్తాను. చల్లటి పొగ మొహానికి కొట్టింది. గోడల నిండా తెల్లగా పేరుకుని ఉంది. ఈ గొడవల్లో ఎన్నాళ్ళుగానో గీకలేదు. కరెంటు తీసేశాను. వదులయ్యేదాకా నిలబడ్డాను. చెక్క గరిటెతో గీకి గిన్నెలోకి రాల్చాను.

గిన్నె తెచ్చి బాబీ మొహానికి దగ్గరగా పట్టుకున్నాను. ఏమీ పెట్టలేదు, పట్టుకుని కూర్చున్నానంతే. చల్లదనం తగిలి కళ్ళు తెరిచింది. వేలు ముంచింది. వేలి మీద తెల్లగా అంటుకున్నదాన్ని చూసుకుంది. స్నీహ్ అంది. ఈసారి అడిగినట్టు లేదు. గుమ్మంలోకి వచ్చిన చుట్టాన్ని గుర్తుపట్టినట్టు ఉంది. నోరు తెరిచింది.

ఇంటింటి ఫ్రీజరు

ఆ రోజు నుంచి ఆమె తాగిన నీళ్ళన్నీ మంచు రూపంలోనే. గిన్నెలో కొంచెం చక్కెర, చిటికెడు ఉప్పు కలిపేదాన్ని. కానీ ఫ్రీజరు మంచు తొందరగా పేరుకోదు. మా వంటింట్లోది అయిపోయింది.

మేడలో అద్దెకున్న వాళ్ళు చాలామంది తాళాలు సత్యవతికిచ్చి వెళ్ళిపోయారు. కరెంటు మాత్రం ఉంది. ఖాళీ ఇళ్ళల్లో ఫ్రీజర్లు నడుస్తూనే ఉన్నాయి. ఇద్దరం గిన్నె, గరిటె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాం. కొంతమంది ఫ్రీజర్లలో మాంసం ఉంది, కొందరివాటిలో ఐస్‌క్రీం డబ్బాలు ఉన్నాయి. బయట దుకాణాలు దోచేస్తున్నారు, మాకు రొట్టె దొరకడం కష్టంగా ఉంది. అయినా మేం గీకినది మంచే. ఒక ఇంట్లో గీకినదాన్ని సత్యవతి వాసన చూసి మొహం ముడిచింది.

"ఇది వద్దండీ. వంజరం చేప కంపు కొట్టేత్తంది. ఆవిడ వాంతి చేసుకుంటది."

"మరి యాడిది బాగుంటుంది?"

"మీలాగారింట్లోదండీ. ఆవిడ రొట్టెలు తప్ప ఏమీ పెట్టదు. మంచి ఘుమఘుమలాడే మంచు."

మీలా మాత్రం ఇంకా వెళ్ళలేదు. తలుపు కొట్టి సంగతి చెబితే లోపలికి తీసుకుపోయి ఫ్రీజరు తనే తెరిచింది. సత్యవతి నా చెవిలో గొణిగింది.

"ఊరంతా బంగారం దోచుకుంటంటే, మనం మంచు దోచుకుంటున్నాం వదినా. మన బతుకు చూడండి."

ఇద్దరం మెట్ల మీద కూర్చుని నవ్వుకున్నాం. ఆ నవ్వు ఇప్పటికీ చెవిలో ఉంది. ఆ మెట్లు, ఆ ఉప్పుగాలి, కింద గేటు దగ్గర సైనికుల మాటలు, ఒడిలోని గిన్నెలో కరిగిపోతున్న మంచు. ఎవరన్నా వింటే నమ్మరు, ఆ భయంలో కూడా మళ్ళీ ఒకసారి అక్కడ కూర్చోవాలనిపిస్తుంది.

అన్న వచ్చినప్పుడు

మా చిన్నాయన కొడుకు గంగన్న సులైబియాలో గోడౌన్లలో మూటలు మోసేవాడు. మనవాళ్ళంతా లారీ మాట్లాడుకుని జోర్డాన్ దారి పట్టారని, నన్ను ఎక్కించుకుపోదామని వచ్చాడు. మేడ మెట్లు ఎక్కుతూనే కేకలు.

"రెడ్డీ! ఇఖామా కార్డు, పాస్‌పోర్టు తీసుకో. బట్టలేమొద్దు. యల్లా, కదులు, లారీ కింద ఉండాది."

"నేను రాలేనన్నా."

"రాలేవా? ఏంటికి?"

బాబీ గది వైపు చూపించాను. తలుపు సందులోంచి చూసి తల కొట్టుకున్నాడు.

"ముసల్ది నీకు అమ్మా, అవ్వా? దాని కూతురు దాని దేశంలో సల్లగా కూసోనుండాది. నువ్వీడ దీనికి ఊడిగం చేస్తా సస్తావా? రేపు దార్లు మూసేస్తే నిన్నెవురు తీసకపోతారు?"

"ఆమె నా చేత్తో తప్ప తినదన్నా."

"తినకుంటే పోతాది. నువ్వు పోకుంటే నువ్వూ పోతావు. పెదనాయనకు నేనేం చెప్పాల?"

"రెడ్డెమ్మ పనిలో ఉందని చెప్పు."

గంగన్న తన సంచిలోంచి ఖర్జూరాల పొట్లం తీసి నా చేతిలో పెట్టి, నా మొహం చూడకుండా దిగిపోయాడు. లారీ శబ్దం పోయేదాకా నేను కిటికీ దగ్గరికి పోలేదు. చూస్తే పరిగెత్తేదాన్నేమో.

అమ్మాయిలూ, ఇది విని నన్ను మెచ్చుకోవద్దు, నాలాగా చేయొద్దు. అన్న చెప్పింది న్యాయమే. జీతానికి వచ్చినవాళ్ళం, ప్రాణం ఇవ్వడానికి రాలేదు. దారి తెరుచుకున్నప్పుడు వెళ్ళిపోండి. నేను ఎందుకు ఉన్నానంటే, ఆ గదిలోంచి నోరు తెరిచి నా కోసం చూసే మనిషి ఉంది కనుక. అంతకంటే వేరే కారణం చెబితే అబద్ధం.

బస్సు

తర్వాత బాబా గెడ్డం పెరిగి, మనిషి సగమై వచ్చాడు. బాబీ దేశంవాళ్ళను, ఆ చుట్టుపక్కల దేశాలవాళ్ళను బాగ్దాద్ దాకా తీసుకుపోయే బస్సు ఉందని, అక్కడి నుంచి ఇంటికి పంపిస్తారని చెప్పాడు. మర్నాడు పొద్దున్నే బయలుదేరాలి. బాబీని పడుకోబెట్టి తీసుకుపోతారు. మీలా కూడా అదే బస్సులో పోతోంది, ఆమె చూసుకుంటుంది. నాకు ఆ బస్సులో చోటు లేదు.

సంతోషించాల్సింది పోయి నేను దారి గురించే ఆలోచించాను. ఎడారి దారి. ఆమెకు దాహమైతే ఎవరికి తెలుస్తుంది? మీలాను పట్టుకుని అడిగాను.

"ఆమె భాష వేరు, నీ భాష వేరు. దారిలో ఆమె అడిగితే నీకు తెలుస్తుందా?"

మీలా వెళ్ళి బాబీ మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. నేను కూర్చునే వైపే కూర్చుంది. గిన్నె చూపించి "స్నెగ్?" అంది.

బాబీ ఆమెను తేరిపార చూసింది. "స్నీహ్" అంది.

"స్నెగ్" అంది మీలా మళ్ళీ.

"స్నీహ్!" అంది బాబీ, బడిలో పిల్లను గద్దించినట్టు. తుపాకులు మొదలయ్యాక ఆమె గొంతులో కోపం వినడం అదే మొదటిసారి. మీలాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. సరే సరే, స్నీహ్ అని ఒప్పుకుని చెంచాతో మంచు అందించింది. బాబీ కాసేపు బెట్టు చేసి నోరు తెరిచింది.

సత్యవతి నా భుజం మీద గెడ్డం ఆనించి అంది. "చూశారా, మీ మాటా నా మాటా లాగేనండీ. మీరు ఉండాది అంటారు, నేను ఉందండీ అంటాను. అన్నం మాత్రం ఒకళ్ళనడిగితే ఒకళ్ళు పెట్టుకోట్లేదూ?"

నాకు గుండె కుదుటపడింది. ఆ సాయంత్రం మేడలో ఉన్న ఫ్రీజర్లన్నీ గీకేశాం. చేప వాసన వచ్చేవాటిని వదిలేసి, మిగిలింది పెద్ద ఫ్లాస్కులో దట్టించి మూత బిగించాను. మీలాకు అన్నీ అప్పజెప్పాను. ఎడమ చెంప వైపు నుంచి పెట్టు, అటు పళ్ళు లేవు. తొందర చేయొద్దు. మింగిందో లేదో గొంతు చూడు.

బస్సులో వెనక సీట్లు కలిపి బాబీని పడుకోబెట్టారు. పూలగుడ్డ సరిచేసి, దిగబోతుంటే ఆమె విరిగిన తుంటితోనే కష్టపడి అటు జరిగింది. నొప్పికి మొహం వంకరపోయింది. అయినా జరిగింది. పక్కన అరచేతితో తట్టింది. నాకు చోటిచ్చింది.

నేను దిగిపోయాను. ఇంతకు మించి ఆ పొద్దు గురించి చెప్పలేను.

ఆ తర్వాత

నేనూ సత్యవతీ ఇంకొక గుంపుతో బయటపడ్డాం. ఎడారిలో గుడారాలు, నీళ్ళ కోసం వరసలు. మనవాళ్ళు చాలామంది చెప్పిన కథే అది. విమానం ఎక్కి ఊరికి చేరాను. సత్యవతి కోనసీమ వెళ్ళింది, మళ్ళీ రాలేదు. యుద్ధం అయిపోయాక నేను తిరిగి కువైట్ వెళ్ళాను, అదే అబూ హలీఫా ఇంటికి. ఇంకా చాలా ఇళ్ళల్లో చేశాను, చివరికి ఎగైలా అనే చోట, యజమానురాలి మనవళ్ళున్న ఇంట్లో పని ముగించాను. వాటి గురించి చెప్పాల్సింది పెద్దగా లేదు. మంచివాళ్ళూ ఉన్నారు, పీడించినవాళ్ళూ ఉన్నారు.

మామా తిరిగొచ్చిన రోజు నన్ను వంటింట్లోకి తీసుకుపోయి తలుపు వేసింది. నేను అడగలేకపోయాను. ఆమే చెప్పింది.

"అమ్మ చేరింది రెడ్డెమ్మా. చలికాలం వచ్చింది. మొదటి మంచు పడినప్పుడు మంచం కిటికీ దగ్గరికి జరిపాం. చాలాసేపు చూసింది. బయటి నుంచి గిన్నెలో తాజాది తెచ్చి నోటి దగ్గర పెట్టాను. తెరవలేదు."

"ఏం, ఎందుకని?"

"తలుపు వైపు చూసింది. ఆమె తెస్తుంది అంది. మంచు నువ్వు తెస్తావని ఆమె లెక్క. ఊరంతా మంచు, నా చేతిలో మంచు, అమ్మకు కావాల్సింది మాత్రం నువ్వు తెచ్చేది."

ఇద్దరం కింద కూర్చున్నాం. ఆమె నా చెయ్యి వదల్లేదు.

"ఏం చేయాలో తోచక మీలాకు ఫోను చేశాను. నువ్వు ఎటు కూర్చునేదానివో, ఎటు చెంప నుంచి పెట్టేదానివో చెప్పింది. అలాగే కూర్చున్నాను. గిన్నె పట్టుకుని ఊరికే ఉన్నాను. తొందర చేయలేదు. చాలాసేపటికి తెరిచింది. ఆ చలికాలమంతా నా చేత్తోనే తిన్నది. పోయేరోజు కూడా తిన్నది."

మా అమ్మ నోట్లో నీళ్ళు పోయలేకపోయిన చేతులు ఇవి. ఏడవాలో, సంతోషించాలో నాకు తెలియలేదు. మామా లేచి టీ పెట్టింది. ఆ ఇంట్లో ఆమె నాకు టీ పెట్టిచ్చింది ఆ ఒక్కరోజే.

ఇప్పుడు మండు వేసవిలో రాయచోటిలో అరుగు మీద పడుకుంటే ఎప్పుడో ఒకసారి స్నీహ్ అనే ఆ మాట నాలుక మీదికి వస్తుంది. నేను వాళ్ళ దేశపు మంచు పడడం ఎప్పుడూ చూడలేదు. చూడని దాని కోసం ఇంత తపించడమేమిటని నన్ను నేనే అడుగుతాను. తపించేది దాని కోసం కాదేమో. పక్కకు జరిగి చోటిచ్చిన మనిషి కోసమేమో.

పొద్దు పోతోంది, ఇంక లేవండి. మీరు పోయే ఇల్లు ఏదైనా, అక్కడ మీకు దాహమైతే మీ మాట తెలిసినవాళ్ళు ఒకరుండాలి. మీ ఇంట్లో పెద్దవాళ్ళు అడిగింది అడిగిన పూటే వాళ్ళ నోటికి అందాలి. అందించే చెయ్యి మీదే కావాలి, దూరంలో ఉన్నా మీ బదులు ప్రేమగా పట్టుకునే చెయ్యి దొరకాలి. మీ పిల్లాపాపలతో, పాడిపంటలతో మీ గడప చల్లగా ఉండాలి తల్లులారా.